సున్నం బొట్టు సొరకాయ

"ప్రణాళిక లేని పెరడు, పట్టా లేని పొలం! రెండూ ఎప్పటికైనా చిక్కులే!"

బతుకమ్మ పండుగ దాటిన మొదటి ఆదివారం, కరీంనగర్ శివారులోని శాంతివనం కాలనీలో పెరటి తోటల సంఘం అధ్యక్షుడు భానుప్రసాద్ ఇలా సెలవిచ్చాడు. చప్పట్లు మోగాయి. మోగవా మరి! ముప్పై ఏళ్లుగా ఒక ఆఫీసులో ప్రణాళికల విభాగం చూస్తున్న మనిషి. ఆయన వేసిన ప్రణాళికల్లో ఒక్కదానిలోనూ ఇంతవరకు తప్పు దొర్లలేదు. ఒక్కటీ అమలు కాలేదు గదా, ఇంక తప్పెక్కడ దొర్లుతుంది?

చప్పట్లు ఆగాక పక్కింటి జియావుల్లా లేచాడు. టవర్ సర్కిల్ దగ్గర చెప్పుల దుకాణం ఆయనది.

"భానుప్రసాద్ భాయ్, మాటలు మస్తు చెప్పిన్రు. జర గిది గూడ రాయండి. జనవరి ఆఖరి ఆదివారం పోటీ పెడుదాం. ఎవ్వరు మంచిగ పండిస్తే వాళ్లే అధ్యక్షులు!"

భానుప్రసాద్‌కు ఈ మాట నచ్చలేదు. అయినా వద్దంటే ఏం బాగుంటుంది? తన చేత్తోనే, తన గుండ్రటి అక్షరాలతోనే ఆ నియమాన్ని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ పదవంటే ఆయనకు ప్రాణం. ఆఫీసులో ముప్పై ఏళ్లు ఎవరి సంతకం కిందో సంతకం పెట్టినవాడికి, మొదటి కుర్చీ దొరికింది ఈ సంఘంలోనే. గేటుకు 'బి. భానుప్రసాద్, అధ్యక్షుడు' అని రేకు బోర్డు. పొద్దున లేచి దేవుడి పటం కన్నా ముందు దాన్ని తుడుస్తాడు. అది ఊడిపోతే? తలుచుకుంటేనే ఆయనకు అన్నం సహించలేదు.

కాబట్టి వెంటనే పనిలోకి దిగాడు. అంటే కాగితం తీశాడు.

'చలికాలపు పెరటి పనులు: ముందస్తు ప్రణాళిక.' నలభై రెండు పేజీలు. అయిదు దశలు. నాలుగు చాపలు పరిస్తే నిండిపోయే పెరటిని ఉత్తర మండలం, దక్షిణ మండలం అని విభజించాడు. తవ్వాల్సిన చోట ఎర్ర గీత, నాటాల్సిన చోట పచ్చ గీత. కార్తీకమంతా విషయసూచికకే సరిపోయింది. మార్గశిరంలో కొత్త పార కొని, దానికి వరుస సంఖ్య వేసి, గోడకు ఆనించాడు.

నవత రెండు నెలలు ఓపిక పట్టింది. ఆయనను కట్టుకున్నాక ఆవిడ నేర్చుకున్న మొదటి విద్య అదే.

"మెంతులు జల్లితె నెల తిరుగకముందే కూర వస్తది. జల్లన్నా?" అని ఒకరోజు అడిగింది.

"మెంతులు నాలుగో దశ. ఇప్పుడు మనం రెండో దశల ఉన్నం."

"రెండో దశల ఏమున్నది?"

"మొదటి దశ మీద సమీక్ష."

"మీ దశలన్ని ఒడిసేటాల్లకు సలికాలం పోయి ఎండలు కొడ్తయి," అని నవత కొంగు దోపుకొని వెనక్కి వెళ్లిపోయింది.

స్నానాలగది వెనక పగిలిన బట్టల టబ్బు ఒకటి పడి ఉంది. దాన్లో ఇంత మట్టి, ఇంత పెంట కలిపి మెంతులు జల్లింది. ఖాళీ సిమెంటు సంచుల్లో కొత్తిమీర, పాలకూర పెట్టింది. బియ్యం కడిగిన నీళ్లే వాటికి కాలువ. సంగతి తెలిసి భానుప్రసాద్ ఊరుకున్నాడా? 'అనుమతి లేని సాగు' అని ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. నవత దాని మీద పాల లెక్క వేసుకుంది.

సంక్రాంతి పోయింది. పోటీకి వారం ఉందనగా ఆయన మొదటిసారి కాగితం నుంచి తలెత్తి పెరటి వైపు చూశాడు. నేల నేలలాగే ఉంది. పార పారలాగే ఉంది. పచ్చగా కనిపించేది ఒక్కటే, జియావుల్లా ఇంటి నుంచి గోడ దాటి వచ్చిన చిక్కుడు తీగ. అది కూడా అన్నీ ఆకులే, ఒక్క కాయ లేదు. జియావుల్లా దానికి యూరియాతో విందు చేశాడు మరి.

సొరకాయలు కోయడం ఆయనకు కొత్త కాదు. కాయించడమే చేతకాదు.

శనివారం పొద్దున వీధిలో "కూరగాయలో" అని కేక వినబడింది. రోజూ మానేరు అవతలి ఊరి నుంచి గంప ఎత్తుకొని వచ్చేది యాదవ్వ. ఆ రోజు ఆమె మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టుకు పోతే, కొత్త కోడలు వచ్చింది. భానుప్రసాద్ అటూ ఇటూ చూసి, గేటు సందులోంచి గుసగుసగా అడిగాడు.

"తొడిమె ఉన్న సొరకాయ ఉన్నదా?"

"గిదేంది సారూ! గీ కాలనీల అందరు తొడిమెలే అడుగుతున్నరు. తొడిమెల కూర గిట్ల వండుతరా?"

భయంలో ఉన్న మనిషికి ఆ మాట చెవికెక్కలేదు. గంప అడుగున ఒకే ఒక్క సొరకాయ మిగిలింది. మూరెడు పొడుగు, నిగనిగలాడుతోంది, కడుపు మీద తెల్లటి సున్నం బొట్టు. ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని లోపలికి పరుగెత్తాడు.

ఆదివారం తెల్లవారగానే చిక్కుడు తీగకు సొరకాయను పచ్చ దారంతో కట్టేశాడు. కట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంటే కళ్లు చెమర్చాయి. తర్వాత స్నానాలగది వెనకకు వెళ్లి, ఆ పగిలిన టబ్బు, సంచులు పెద్దల కంట పడకుండా సంఘం ఫ్లెక్సీ కప్పాడు. ఫ్లెక్సీ మీద ఆయనే, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు.

న్యాయనిర్ణేత రామచంద్రం సార్ రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్. నల్లబల్ల మీద గీసిన మొక్కనైతే కళ్లు మూసుకొని గుర్తుపడతాడు. అన్ని ఇళ్లూ తిరిగి, అన్ని చోట్లా టీ తాగి, అన్నిటినీ 'అద్భుతం' అని రాసుకొని, కాలనీ అంతా వెంట రాగా చివరికి ఇక్కడికి వచ్చాడు.

"ఆకు చిక్కుడు తీరుగున్నదేంది?" అన్నాడు కళ్లద్దాలు సర్దుకుంటూ.

"హైబ్రిడ్ సార్!"

"ఈ తెల్ల బొట్టు?"

"శాస్త్రీయ పద్ధతి. బయట నుంచి కాల్షియం అందించుడు."

"నూతన ప్రయోగం," అని సార్ రాసుకున్నాడు. తన తీగను తాను గుర్తుపట్టిన జియావుల్లా నోరు తెరిచాడు, మళ్లీ ఎందుకో మూసేశాడు. సార్ గొంతు సవరించుకొని ఫలితం చెప్పబోయాడు. భానుప్రసాద్ ఛాతీ అప్పటికే రెండంగుళాలు పొంగింది.

"ఆగుండ్రి! నా ఇత్తునం కాయ ఏడున్నది?"

యాదవ్వ! ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చి, గేటు తోసుకొని లోపలికి వచ్చింది. రొప్పుతోంది.

"కాయ కడుపు మీద సున్నం బొట్టు పెట్టిన్నంటె అది ఇత్తునానికని అర్థం. ఇంట్ల కూర లేకున్నా ముట్టం. దొంగ గూడ ముట్టడు. మా అత్త నాడు పెట్టిన ఇత్తు సారూ, ముప్పై ఏండ్ల సంది కాపాడుకుంటున్న. కోడలు కొత్తది, తెల్వక తెంపి గంపల ఏసింది. అది పోతె వచ్చే ఏడు నేనేం పెట్టాలె?"

"ఇది మా తీగకు కాసింది యాదవ్వా," అన్నాడు భానుప్రసాద్ సన్నటి గొంతుతో.

"చిక్కుడు తీగకు సొరకాయ కాసిందా? రేపు మేకకు బర్రె పుడ్తది!"

ఆమె ఒక్క గుంజు గుంజింది. సొరకాయ పచ్చ దారంతో సహా ఒళ్లోకి వచ్చింది. కాలనీ కాలనీ గొల్లుమంది! అందరికన్నా గట్టిగా నవ్వింది జియావుల్లా.

"నవ్వకు సేటూ," అంది యాదవ్వ గోడ మీదుగా చూసి. "నీ మిరపచెట్టుకు కట్టిన వంకాయలు గూడ నావే."

నవ్వు ఆగిపోయింది.

"గా మేడింటోల్ల టమాటలు, గా మూలింటోల్ల కాకరకాయలు, అన్ని నా గంపలయే. నిన్న కోడలు గంట సేపట్ల గంప ఖాలీ చేసుకొని వచ్చింది. ఏందే అంటె, 'గా కాలనోల్లు మస్తు మంచోల్లత్తా' అన్నది!"

శాంతివనం కాలనీవాసులంతా ఏకగ్రీవంగా ఆకాశం వైపు చూశారు. అక్కడ కాకి కూడా లేదు. అన్నిటినీ 'అద్భుతం' అని రాసిన రామచంద్రం సార్‌కు చెమటలు పట్టాయి. మొహం కడుక్కుంటానని స్నానాలగది వైపు నడిచాడు. దారిలో కాలికి ఫ్లెక్సీ తగులుకుంది. చిరాగ్గా ఎత్తి పక్కకు విసిరాడు.

"ఇదేంది?" అని కేక పెట్టాడు.

చేతులు జోడించిన భానుప్రసాద్ కింద, టబ్బు నిండా మెంతికూర! పక్కన సంచుల్లో కొత్తిమీర, పాలకూర, పచ్చగా కిటకిటలాడుతున్నాయి.

"అటు చూడకుండ్రి సార్! అది ప్రణాళికల లేదు! అనుమతి లేని సాగు!" అంటూ భానుప్రసాద్ చేతులు అడ్డం పెట్టాడు.

సార్ వంగి, అనుమానంగా ఒక మెంతి మొక్కను పీకాడు. పీకి, దాన్ని పైకెత్తి, పిల్లాడిలా ఎగిరాడు.

"వేరున్నది! వేరుకు మట్టి గూడ ఉన్నది!"

జనం ఒకరి మీద ఒకరు పడి చూశారు. చివరికి యాదవ్వ ముందుకు వచ్చి, ఆకు నలిపి, వాసన చూసి తీర్పు చెప్పింది.

"గిది నాది గాదు. గీ అమ్మదే."

ఆ రోజు శాంతివనంలో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. జియావుల్లా మినిట్స్ పుస్తకం తెప్పించి, భానుప్రసాద్ గుండ్రటి అక్షరాలను భానుప్రసాద్ ముందే చదివాడు. 'ఎవరు మంచిగా పండిస్తే వారే అధ్యక్షులు.' మళ్లీ చప్పట్లు మోగాయి. నవత తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంది. ఆవిడకూ నవ్వాగలేదు.

"యాదవ్వా, కాయ పనికొస్తదా?" అని ముందు అదే అడిగింది.

యాదవ్వ వేలితో కొట్టి చూసింది. "ముదిరింది అమ్మా, గండం తప్పింది. ఎండబెడ్త. అందరికింత ఇత్తు ఇస్త. ఈసారన్న మట్టిల పెట్టుండ్రి, దారం పక్కకు పెట్టి."

"అయితె పొట్లాలకు కాగితాలు కావాలె. గా నలబై రెండు పేజీలు తెండ్రి," అంది కొత్త అధ్యక్షురాలు. ఆ ప్రణాళిక తోటకు పనికొచ్చింది అదే మొదటిసారి.

భానుప్రసాద్ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గేటు దగ్గరికి వెళ్లి బోర్డును నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది పాపం. సాయంత్రానికి ఏదో తట్టింది. పెయింటర్‌ను పిలిపించాడు.

మర్నాడు పొద్దున బోర్డు మళ్లీ తళతళలాడుతోంది. పైన జానెడు అక్షరాలతో 'బి. భానుప్రసాద్'. కింద 'అధ్యక్షురాలి భర్త'.

"నా పేరేది?" అని అడిగింది నవత, చేతిలో పారతో.

"నాలుగో దశ," అన్నాడు భానుప్రసాద్.