ఊడదీసే వీలున్న సేద్యం

ఈ ఏడాది కొండ్రుపాలెం ఉత్తమ మిరప రైతుగా శ్రీ పేరయ్య గారు ఎంపికైనారని తెలిసి సంతోషించనివారు ఊళ్ళో లేరు. ఆయన చేలో కాలుపెట్టి చాలా ఏళ్ళయిందన్న చిన్న అభ్యంతరాన్ని ఎంపిక సంఘం పెద్ద మనసుతో పక్కన పెట్టింది. పంటను కళ్ళారా చూశామని సభ్యులంతా ఏకగ్రీవంగా చెప్పారు. చూసిన మాట నిజమే. పేరయ్య గారి ముందుగదిలో, కంప్యూటర్ తెర మీద చూశారు.

నడుం నొప్పి వచ్చిన ఏడాది పేరయ్య గారు పొలమంతా దానయ్యకు కౌలుకిచ్చారు. తర్వాత నడుం బాగయింది గానీ అప్పటికే కౌలు సుఖం అలవాటైంది. టిఫిను, పేపరు అయ్యాక సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచక ఆయన గుమ్మంలో నిలబడి దారినపోయేవాళ్ళకు ఎరువుల మోతాదు చెబుతుండేవారు. అలాంటి రోజుల్లో అల్లుడు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాత కంప్యూటర్ తెచ్చి మామగారింట్లో దించిపోయాడు. అందులో వ్యవసాయం ఆట ఒకటుంది. ఆ ఆటలో వాన చెప్పిన రోజుకే పడుతుంది. వేసిన విత్తనం మొలుస్తుంది. అమ్మకం మీట నొక్కితే సొమ్ము అక్కడికక్కడే వచ్చి పడుతుంది. ఇంత విడ్డూరమైన సేద్యాన్ని పేరయ్య గారు జన్మలో చూడలేదు. అన్నం వేళకు కూడా లేవడం మానేశారు.

చిక్కల్లా ఆయన వేళ్ళతో వచ్చింది. ఒక మీట నొక్కబోతే మూడు దిగేవి. దున్నాల్సిన ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ పోయి కాలవలో పడేది.

"ఇన్నేళ్ళూ నిజం ట్రాక్టరు ఎట్టా తోలావయ్యా నువ్వు?" అని ఆయన భార్య వెంకటరావమ్మ గారు వంటింట్లోంచి అడిగారు.

"అది మనుషుల కోసం చేసింది. ఇది పిచ్చుకల కోసం చేశారు," అన్నారాయన.

బజార్లో దొరికే గేమ్ కంట్రోలర్ తెప్పించారు. పీతలా ఉన్న ఆ వస్తువు ఆయన అరచేతుల్లో పడి కనిపించకుండా పోయింది. అప్పుడు లిడియాకు కబురు వెళ్ళింది.

లిడియా దానయ్య కూతురు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, సత్తెనపల్లి బస్టాండు దగ్గర చిన్న షాపు పెట్టుకుని మిక్సీలు, చార్జర్లు, బ్యాటరీ స్ప్రేయర్లు బాగుచేస్తుంటుంది. ఎవరో చేసినవాటిని బాగుచెయ్యడం తప్ప, ఇది నేను చేశానని చెప్పుకునే వస్తువొకటి చేతిమీదుగా రావాలని ఆమెకు చాలాకాలంగా కోరిక. పేరయ్య గారి వేళ్ళు చూడగానే ఆ అవకాశం వచ్చిందని ఆమెకు అర్థమైంది.

ముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుని దున్నుతున్నట్టు ఊహించుకోమంది. ఆయన ఎడమచెయ్యి స్టీరింగుకు, కుడిచెయ్యి గేరు రాడ్డుకు వాటంతటవే పోయాయి. ఏ చెయ్యి ఎక్కడ ఆగిందో లిడియా సుద్దముక్కతో బల్లమీద గుర్తుపెట్టుకుంది. చెయ్యి అలవాటు పడ్డ చోటికే మీట రావాలి తప్ప, మీట ఉన్నచోటికి చెయ్యి పోకూడదని నిర్ణయించుకుంది.

వెంకటరావమ్మ గారి దగ్గర ఒక పాత చెక్కపీట అడిగి తీసుకుని దానికి వరసగా సాకెట్లు బిగించింది. పాత ట్రాక్టరు గేరు నాబ్ ఒక డబ్బాలో, స్ప్రేయర్ ట్రిగ్గర్ ఇంకో డబ్బాలో, బోరు మోటారు స్టార్టరువి పచ్చ, ఎర్ర బటన్లు మరో డబ్బాలో అమర్చింది. ఏ డబ్బానైనా ఏ సాకెట్లోనైనా గుచ్చుకోవచ్చు, వద్దనుకుంటే ఊడదీసుకోవచ్చు. పీట కిందనుంచి ఒకే ఒక్క తీగ కంప్యూటర్‌లోకి పోతుంది. ఏ డబ్బా ఎక్కడ దిగిందో పీటకు తెలియాలి కాబట్టి ఒక్కో డబ్బాలో ఒక్కో విలువగల రెసిస్టర్ పెట్టింది. కొత్తది వచ్చి కూర్చోగానే నువ్వెవరి తాలూకు అని పీట ముందు ఆరా తీస్తుంది, ఆ తర్వాతే పని చెబుతుంది. కొండ్రుపాలెంలో పుట్టి పెరిగిన పిల్ల గనుక ఈ ఆలోచన ఆమెకు తేలిగ్గానే తట్టింది.

మొదటిసారి గేరు మారిస్తే ఆటలో గొర్రెలు అరిచాయి. రెండోసారి మందు కొట్టబోతే ట్రాక్టరు లైట్లు వెలిగాయి. తీగలు మార్చింది, కోడు తిరగరాసింది. చివరికి ఒక ఉదయం పేరయ్య గారు గేరు వేసి, పచ్చబటన్ నొక్కి, సాలు వంకర పోకుండా చేను ఈ చివర్నించి ఆ చివరికి దున్నేశారు. ఆయన కళ్ళు తడయ్యాయి. ఆటలో మిరప లేదని ఆయన దిగులుపడితే, ఎవరో పుణ్యాత్ముడు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టిన మిరపమొక్కను కూడా లిడియా దించిపెట్టింది.

తెరమీద పంట ఎర్రగా పండిందన్న వార్త ఊరంతా పాకింది. అటు నిజం పొలంలో దానయ్య మొక్కలకు నల్లి పురుగు పట్టింది. ఆయన ఆకు తుంచి చూసుకుంటున్న సమయంలో ఊరి పెద్దలు పేరయ్య గారి ముందుగదిలో కాఫీ తాగుతూ, తోట చాలా ఆరోగ్యంగా ఉందని మెచ్చుకుంటున్నారు.

ఆ పెద్దల్లో మొదటివారు నాగేంద్రబాబు గారు. రైతుకు విత్తనం, ఎరువు, పురుగుమందు అమ్మేదీ ఆయనే. పండిన కాయకు కమీషన్ మీద బేరం కుదిర్చేదీ ఆయనే. ఇన్నిరకాలుగా సేవ చేసే అవకాశం ఒక్క మనిషికే దక్కడం అరుదు. ఆయన పీటను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అమ్మాయ్, వస్తువు బాగుంది. మా షాపుల్లో పెట్టి అమ్మిద్దాం. కాకపోతే ఇందులో నేనెక్కడున్నాను?"

"మీరంటే... ఏ పని చెయ్యాలండీ?" అంది లిడియా.

"మందు డబ్బా పెద్దది చెయ్యి. ముందు మందు కొడితేనే మిగతావి పనిచెయ్యాలి. అమ్మకం బటన్ నొక్కితే నేరుగా సొమ్మొస్తోందిగా, ఎంత తప్పు! రైతుకు చెడ్డ అలవాట్లు నేర్పొద్దు. మధ్యలో నా డబ్బా ఒకటి పెట్టు. ముందు నాది నొక్కాలి."

లిడియా మనసు ఒప్పుకోలేదు. కానీ షాపులన్నిటిలో తన వస్తువు, దానిమీద తన పేరు అన్న మాట ఆమె చెవుల్లోంచి పోలేదు. రెండు డబ్బాలూ చేసి గుచ్చింది. ఆ రోజునుంచి తెరమీద పంట అమ్మితే కొంత కనిపించకుండా పోవడం, అసలు సొమ్ము వాయిదాల మీద రావడం మొదలైంది. చూసినవాళ్ళంతా, "ఇప్పుడు అచ్చం వ్యవసాయంలాగే ఉంది!" అని చప్పట్లు కొట్టారు.

పేరయ్య గారికి మాత్రం ఆట రుచించలేదు. నాగేంద్రబాబు గారు గుమ్మం దిగగానే ఆయన డబ్బాను పీకి కుర్చీ కింద పడేసి, హాయిగా అమ్మకం సాగించారు. కౌలు సంగతి మాట్లాడదామని వచ్చిన దానయ్య గడప అవతల నిలబడి ఇదంతా చూశాడు.

"మాకూ అట్టా ఊడదీసుకునే వీలుంటే బాగుండేదమ్మా," అన్నాడు కూతురితో, మెల్లగా.

లిడియా స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంది.

సన్మానసభ ఘనంగా జరిగింది. జనం చాలకపోతే కల్లాల్లో కాయలు ఎండబెడుతున్న దానయ్యనూ కూలీలనూ పిలుచుకొచ్చి కూర్చోబెట్టారు. చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. వాళ్ళ అరచేతులు అలాంటివి మరి. నాగేంద్రబాబు గారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! నేటి రైతు ఎండలో నిలబడనక్కర్లేదు. బురదలో దిగనక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చుని పండించవచ్చునని పేరయ్య గారు నిరూపించారు. ఇక నష్టం గిష్టం అంటూ ఎవరైనా నా దగ్గరికొస్తే, మీ వేళ్ళు సరిగా ఆడలేదని అర్థం చేసుకుంటాను!"

పేరయ్య గారికి శాలువా కప్పారు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఆయనదే కాబట్టి శాలువాకు దారి తప్పే ప్రమాదం లేకపోయింది. పీట చేసినామెను కూడా వేదిక మీదికి పిలిచారు, మైకు సరిగా పనిచెయ్యకపోతే చూడమని.

ఆ వారంలోనే మిరప ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదన్నారు. దానయ్య కాయ చూసి నాగేంద్రబాబు గారు తల అడ్డంగా ఊపి, "తెల్లబడ్డ తాలుకాయ ఎక్కువుంది, తొందరపడకు," అని సలహా ఇచ్చారు. ఇంతలో ఆకాశం మబ్బేసింది. కాయ కూరిన గోతాలు, అదే టిక్కీలు, పెట్టుకోడానికి దానయ్య ఇంట్లో జాగా లేదు. పేరయ్య గారు ఏ కళనున్నారో గానీ, ముందుగదిలో వేసుకోమన్నారు. ఎర్రగా నిండిన గోతాలు కంప్యూటర్ వెనక గోడపొడుగునా పైకప్పు దాకా లేచాయి. ఇల్లంతా ఘాటు. వెంకటరావమ్మ గారు తుమ్ముతూనే అందరికీ మజ్జిగిచ్చారు.

చివరి టిక్కీ దించి చెమట తుడుచుకుంటున్న దానయ్యను పేరయ్య గారు పిలిచారు.

"ఇట్రా దానయ్యా, కూర్చో. నీ కాయ ఇందులో అమ్ముదాం."

"ఇందులో రేటెట్టా ఉందండీ?"

"బ్రహ్మాండం. నొక్కు ఆ అమ్మకం బటన్."

దానయ్య చెయ్యి పంచెకు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. బటన్ నొక్కాడు. తెరమీద లారీ కదిలింది, గంట మోగింది, సొమ్ము గలగలా వచ్చి పడింది. "అయిపోయిందా? అంతేనా? ఎవురూ తాలు తియ్యమన్లేదే!" అంటూ దానయ్య నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేట్టు, కంట్లో నీళ్ళు తిరిగేట్టు నవ్వాడు. పీట ఎలా పనిచేస్తుందో చూపిద్దామని లిడియా అప్పటికే ఫోన్‌లో వీడియో తీస్తోంది. నాన్న అలా నవ్వడం ఆమె చిన్నప్పటినుంచీ చూసింది తక్కువ. ఆపకుండా తీసి, ఇంటర్నెట్‌లో పెట్టింది.

వీడియోను లక్షలమంది చూశారు. పట్నాలనుంచి పీటకు ఆర్డర్లు కూడా వచ్చాయి. లిడియా చేసిన వస్తువు మీద లిడియా పేరే పడింది. అందులో ఏ లోటూ జరగలేదు. వ్యాఖ్యల నిండా దండాలూ హృదయాలే. పెద్దాయన నవ్వు చూసి ఆఫీసులోనే ఏడ్చేశానని ఒకరు రాశారు. రైతు రాజయ్యాడని ఇంకొకరు రాశారు. హైదరాబాదు నుంచి ఒకావిడ, వెనకాల ఆ ఎర్రటి గోడ డిజైను అద్భుతంగా ఉంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా అని అడిగింది.

లిడియా జవాబు రాసింది. "అది డిజైను కాదండీ, మా నాన్న పండించిన మిరపకాయలు. అమ్మకానికే ఉన్నాయి. కింద ఫోన్ నంబర్ ఇచ్చాను."

ఆ జవాబును ఇష్టపడినవారి సంఖ్య ఇంకా పెరుగుతూనే ఉంది. ఫోన్ మాత్రం మోగలేదు. బొటనవేలితో ఆ హృదయం బొమ్మ నొక్కి పైకి జరిపేసినవాళ్ళలో మీరూ ఉండే ఉంటారు. నొక్కడం మీకు బాగా అలవాటేనని పేరయ్య గారు కూడా ఒప్పుకుంటారు.