ఆగండిగారూ, రాబోయే టాబ్లెట్టూ

మన వీధిలో ఇంతవరకూ ఎవరూ టాబ్లెట్ కంప్యూటర్ కొని మోసపోలేదని సగర్వంగా తెలియజేస్తున్నాం. అసలెవరూ కొననే లేదు కదా అని కిట్టనివాళ్లు అంటారు. వాళ్లను పట్టించుకోనక్కర్లేదు. ఈ ఘనత అంతా నీటి సరఫరా కార్యాలయంలోని పెద్ద గుమాస్తాగారిది. ఎవరు ఏ టాబ్లెట్ కొనబోయినా ఆయన చెయ్యి అడ్డం పెట్టి "ఆగండి" అంటారు. అందుకే వీధి వీధంతా ఆయన్ని ఆగండిగారనే పిలుస్తుంది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ అది ఆయన ఇంటిపేరనుకున్నాడు.

ఇంకా తయారుకాని వస్తువుల గురించి ఆగండిగారికి తెలియనిది లేదు. తయారైనవంటే ఆయనకు చిన్నచూపు. గొట్టం పగిలిందని ఎవరైనా ఆఫీసుకు వస్తే కూర్చోబెట్టి, రాబోయే టాబ్లెట్‌లో చిప్ ఎంత చల్లగా పనిచేస్తుందో వివరించి పంపిస్తారు. వచ్చినవాళ్లు గొట్టం మాట మరిచిపోయి, ఎంత గండం తప్పిందో అనుకుంటూ ఇళ్లకు పోతారు.

సాయంత్రాలు సెలూన్‌లో సభ. ఒకసారి ఎవరో రాబోయే టాబ్లెట్‌కు తొడిగే రబ్బరు కవరు ఫొటో పట్టుకొచ్చారు. మసక ఫొటో. కవరు పక్కన చిన్న కన్నం. "కెమెరా నిలువు అంచు నుంచి అడ్డం అంచుకు మారుతోంది!" అని ఆగండిగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఆ కన్నం ఎలుక కొట్టింది కావచ్చు కదా అని లెక్కల మాస్టారు సందేహం వెలిబుచ్చారు. ఆయన్ని ఆ వారమంతా సభకు రానివ్వలేదు. చర్చలో పడి సెలూన్ యజమాని కత్తెర ఆపేశాడు. కుర్చీలో ఉన్న పెద్దమనిషి సగం తలతోనే ఇంటికి పోయి, మిగతా సగం కొత్త మోడల్ వచ్చాక చూసుకోవచ్చులెమ్మన్నారు.

"ధరల వ్యూహమండీ ఇదంతా!" అని ఆగండిగారు ఉపన్యసించేవారు. "చౌకదాంట్లో ఫొటోలూ పుస్తకాలూ దాచుకునే జాగా తగ్గిస్తారు. చాలదని మీరు మధ్యరకం చూస్తారు. దాని తెర నచ్చదు. ఇంకాస్త వేసుకుంటే పోలా అని పైరకానికి ఎక్కుతారు. ఎక్కాక తెలుస్తుంది, తెర మీద రాసే కలం విడిగా కొనాలని! మొన్న డబ్బాలోంచి ఛార్జర్ తీసేశారు. రేపు డబ్బా కూడా విడిగా అమ్ముతారు. ఆ ఉచ్చులో మనం పడతామా?"

"పడం!" అని సభ ముక్తకంఠంతో అరిచేది.

ఇంత గొప్ప మనిషికి ఇంట్లో ఒక్కటే పోరు. అది అత్తగారు. ఆవిడ చదువుతున్న అపరాధ పరిశోధన నవలలో ఓడ యజమాని హత్యకు గురయ్యాడు. చంపిందెవరో తేలేలోగా ఆవిడకు చూపు మందగించింది. పెద్ద అక్షరాలైతే చదవగలరనీ, ఉన్న చూపు ఉండగానే చదువుకోమనీ కంటి డాక్టరు చెప్పేశాడు. కూతురు చదివి వినిపిస్తానంది గానీ, హత్యల దగ్గర దానికి నవ్వొస్తుందని ఆవిడ ఒప్పుకోలేదు.

"అల్లుడుగారూ, ఏదో ఒక టాబ్లెట్ తెచ్చిపెట్టండి. అందులో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చట. ఆ ఓడాయన్ని చంపిందెవడో తెలుసుకుంటే చాలు నాకు."

"ఏదో ఒకటా! అత్తయ్యగారూ, ఆగండి. వచ్చేదాని తెరకి రెండింతల వెలుగు."

"అది వచ్చేసరికి నాకు దానికీ గోడకీ తేడా తెలీదు నాయనా."

ఏటేటా తెరల వెలుగు పెరుగుతూనే ఉంది. అత్తగారి కళ్ల వెలుగు తగ్గుతూనే ఉంది. ఈ రెండో అంశాన్ని ఆగండిగారు అంచనాల్లో కలుపుకోలేదు. కలుపుకోలేదని ఆయన భార్య రోజూ గుర్తుచేసేది. ఆయన రోజూ వినేవారు.

ఎట్టకేలకు కొత్త టాబ్లెట్ విడుదలైంది. సభ మొత్తం సెలూన్‌లోని బుల్లి టీవీకి అతుక్కుపోయింది. టాబ్లెట్ కాస్త సన్నబడింది. కెమెరా అడ్డం అంచుకే వచ్చింది! ఆగండిగారిని భుజాలకెత్తుకున్నారు. లెక్కల మాస్టారు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు.

"అయితే ఇక కొనెయ్యొచ్చాండీ?" అన్నాడు సెలూన్ యజమాని.

ఆగండిగారు భుజాల మీది నుంచే ఆలోచించారు. "కెమెరా జరిగిన మాట నిజమే. ఇంత కాలం పట్టి అదొక్కటే జరిపారంటే, అసలు సరుకంతా పైఏడుకి దాచారన్నమాట. ఆగండి."

హమ్మయ్య అనుకున్నారంతా.

సరిగ్గా అప్పుడే అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని దుకాణానికి పోయారు. కొత్తది వచ్చిపడటంతో దుకాణదారు నిన్నటి మోడల్‌ని, ఆవిడ నవల కూడా అందులో ఎక్కించి, అయినకాడికి ఇచ్చేశాడు. ఆగండిగారు ఇన్నేళ్లూ వర్ణించిన ధరల వ్యూహం వల్ల మన వీధిలో లాభపడ్డ మనిషి ఆవిడ ఒక్కరే.

సంగతి తెలిసి సభ యావత్తూ ఇంటికి కదిలింది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో చదువుకుంటున్నారు. అక్షరాలు అరచేతులంత ఉన్నాయి.

"కొంప ముంచారు అత్తయ్యగారూ! ఏదీ, ఇలా ఇవ్వండి. లోపాలు చెబుతాను" అంటూ ఆగండిగారు అందుకున్నారు. అందుకోగానే తెర ఆరిపోయింది. తిప్పి చూశారు, ఊపి చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. పక్కవాళ్లకు అందించారు. అది చేతులు మారుతూ గది చుట్టి వచ్చింది గానీ, ఎక్కడ నొక్కితే వెలుగుతుందో అంతమంది నిపుణుల్లో ఒక్కరికీ తెలియలేదు. టాబ్లెట్‌ను తాకడం అందరికీ అదే మొదటిసారి. అత్తగారు తీసుకుని అంచున నొక్కారు. ఓడ యజమాని శవం మళ్లీ ప్రత్యక్షమైంది.

ఆవిడ ఒక్కో పేజీ జరుపుతూ పోయారు. చివరి పేజీ దగ్గర ఆగి, "ఓరి వీడి దుంపతెగ, వీడా!" అని పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ సంతోషం చూసి ఆగండిగారి భార్య కూడా కళ్లు తుడుచుకుంది.

ఆగండిగారు జీవితంలో మొదటిసారి ఆగలేకపోయారు. "ఎవరు అత్తయ్యగారూ? ఎవరు చంపింది?"

ఆవిడ టాబ్లెట్ ఆర్పి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆగండి అల్లుడుగారూ. దీనికి రెండో భాగం వస్తుందట. అందులో ఇంతకన్నా మంచి హంతకుడుంటాడు."

సలహా సబబుగానే ఉందని సభ తలూపింది. హంతకుడి పేరు మాకు తెలుసు. పాఠకులకైనా చెప్పేద్దామనుకున్నాం. తీరా చూస్తే మీరూ అక్కడే, వెనక వరసలో నిలబడి, అందరికన్నా జోరుగా తలూపుతున్నారు.