నలభై ఎనిమిదో ఫారం

బోధన బాగుపడాలంటే గురువు అద్దం ముందు నిలబడాలని మా యూనివర్సిటీ తీర్మానించింది. అద్దాలకు టెండర్ పిలిస్తే ఆలస్యమవుతుందని ఆన్‌లైన్ ఫారం పెట్టింది. ప్రతి లెక్చరర్‌కూ ఐదుకు ఇన్నని మార్కులు వేస్తేనే విద్యార్థికి హాల్ టికెట్ వస్తుంది. (అభిప్రాయం చెప్పడం పూర్తిగా స్వచ్ఛందం.) కాంట్రాక్టు లెక్చరర్‌కు సగటు మూడు దాటకపోతే జూన్‌లో పొడిగింపు ఉండదు. నేను పదకొండేళ్లుగా కాంట్రాక్టే.

మొదటి సెమిస్టర్‌లో నా తరగతి నలభై ఎనిమిది మందీ ప్రతి ప్రశ్నకూ నాకు సరిగ్గా రెండే వేశారు. ఫారాలన్నీ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. నేను చెప్పేది గణాంక శాస్త్రం. అయినా అనుమానం రాలేదు, ఏడుపొచ్చింది.

బోధనోన్నతి మదింపు కమిటీ నాతో పన్నెండు పేజీల ఆత్మపరిశీలన రాయించింది. గొంతులో లోపాలకు నాలుగు పేజీలు, ముఖంలో లోపాలకు ఆరు పేజీలు పట్టాయి. (మిగతా రెండూ సంతకాలకు.) పాఠం మధ్యలో పది నిమిషాలకోసారి నవ్వమని కమిటీ సలహా ఇచ్చింది. నవ్వాను.

"మేడం, పండ్లు నొస్తున్నయా?" అని మల్లేశ్ అనే విద్యార్థి జాలిగా అడిగాడు.

ముందు బెంచీలో సుస్మిత ఏదో అడగడానికి చెయ్యెత్తేది. అది సరిగ్గా నేను నవ్వాల్సిన నిమిషమయ్యేది. నవ్వేసి ముందుకు వెళ్లేదాన్ని.

ఆత్మపరిశీలనకు మూడు కాపీలు కావాలంటే గేటు ఎదుట జిరాక్స్ సెంటర్‌కు వెళ్లాను. దాన్ని నడిపే అంజన్న మొదటి పేజీ చదివి నొచ్చుకున్నాడు.

"గీ ఫారాలు పిల్లలు యాడ నింపుతరు మేడం? హాల్ టికెట్లకు అందరు నా తానకే వస్తరు. నేనే నింపుత."

"మరి నాకు రెండెందుకు పెట్టినవ్?"

"అందరికి ఐదు పెడితే సైటు తీసుకుంటలేదు, ఆలోచించి నింపుమంటాంది. ఒక్కలకన్న తకువ పెట్టాలె. లిస్టుల ఆఖరి పేరు మీదే."

"అంజన్నా, నా నౌకరి పోతది."

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా! ఈపాలి మీకు ఐదు పెడత. మల్లికార్జున్ సార్‌కు రెండు పెడదాం. పర్మినెంటు సారు, ఆయనకేం ఫికర్?"

మల్లికార్జున్ మా విభాగంలోకెల్లా బాగా పాఠం చెప్పే మనిషి. నేను వద్దనలేదు.

రెండో సెమిస్టర్‌లో నలభై ఏడు ఫారాల్లో నాకు ఐదుకు ఐదు వచ్చాయి. ఒక్కదాంట్లో ఒకటి. కింద ఇలా ఉంది: "మేడం మంచోళ్లు. గని రెండో యూనిట్ కెల్లి నాకేం సమజైతలేదు. మూడుసార్లు చెయ్యెత్తిన."

ఫారాల మీద పేర్లుండవు. మా తరగతిలో చెయ్యెత్తేది ఒక్కతే.

మిగతావాటితో పొంతన లేదు కనుక దాన్ని పొరపాటు ఫారంగా తొలగించాలని కమిటీ నిర్ణయించింది. అందుకు గణాంక శాస్త్రం తెలిసినవారి ధ్రువీకరణ కావాలట. మా యూనివర్సిటీలో ఆ శాస్త్రం చెప్పేది నేనొక్కదాన్నే. తేదీ వేసి సంతకం పెట్టాను.