విరిగిన బండకు కాపలా

మస్తాన్‌బీ సంచి సర్దుతోంది. అడుగున బండముక్క పెట్టింది. దాని మీద మొగుడి లుంగీ, చొక్కా మడిచి పెట్టింది. ఆ పైన సద్దిమూట. బండముక్క పైన పెడితే సద్ది నలిగిపోతుందని ఆమెకు అనుభవం మీద తెలిసింది. విచారణకు వచ్చే బాధితుడు సాక్ష్యాన్ని వెంట తెచ్చుకోవాలని ఉమ్మడి బాధ్యతా నిధివారి నిబంధన. విరిగిన కల్వర్టును మోసుకురావడం కష్టమని మొరపెట్టుకోగా, వారు దయతలచి ముక్కతో సరిపెట్టుకున్నారు.

ఈ నిధి గొప్పదనం తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డున అయిదు ఊళ్లున్నాయి. వీధిదీపం వచ్చినప్పటి నుంచీ తమను పట్టణాలని పిలిపించుకుంటున్నాయి. పట్టణమన్నాక మూతల్లేని మురుగుకాలువలూ, జనం వాటిలో పడడమూ, పడ్డవారు పరిహారం అడగడమూ తప్పవు. ఈ భారం ఒక్క పట్టణం మోయలేదు గనుక అయిదూ కలిసి నిధి పెట్టుకున్నాయి. ఏ ఊళ్లో ఎవరు పడినా బాధ్యత అయిదు ఊళ్లదీ. ఆ రోజు నుంచీ బాధ్యత అయిదు ముక్కలై, ఏ ఊరి కంటికీ ఆననంత చిన్నదైపోయింది.

నిధి అధ్యక్షులు చెంచురామయ్యగారు ఏటా వార్షికోత్సవంలో గొంతు సవరించుకుని ఇలా సెలవిస్తారు: "సోదరులారా, మన నిధి పుట్టిన నాటి నుంచి ఒక్కరికైనా పరిహారం చెల్లించవలసిన దుస్థితి మనకు దాపురించలేదు. ఇది మన అయిదు పట్టణాల ఐకమత్యానికి తార్కాణం."

చప్పట్లు మోగుతాయి. కొట్టేవారిలో కాళ్లు విరిగినవారూ ఉంటారు. చేతులు విరిగినవారు మాత్రం ఊరకే తలలు ఊపుతారు.

మస్తాన్‌బీ మొగుడు హజరత్తయ్య రెండో రకం. దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. వాళ్లుండే ఉప్పుమిట్ట నుంచి బస్సురోడ్డుకు పోయే దారిలో కాలువ మీద కల్వర్టు ఉంది. ఒకనాడు దాని నడిమి బండ అతని కాళ్ల కింద విరిగింది. కుడిచేతికి పుత్తూరు కట్టు కట్టించారు. ఎముక అతికింది గాని చెయ్యి భుజం దాటి లేవలేదు. విల్లు గోడకెక్కింది. మస్తాన్‌బీ దూదిని కర్రతో కొట్టి దిండ్లు కుట్టి ఇల్లు నడుపుతోంది.

మొదటి విచారణకు ఆమె కూడా పోయింది. సభ్యులందరూ నివ్వెరపోయే మాట ఒకటి అన్నది.

"మాకు మీ డబ్బొద్దు సామీ. ఆ బండ ఒకటి వేయించండి. పొద్దున పోయిన మనిషి మాపటికి ఇల్లు చేరాల గదా."

చెంచురామయ్యగారు చిరునవ్వుతో ఆమెను క్షమించారు. "పిచ్చిదానా, బండ వేస్తే ఏమవుతుందో తెలుసునా? అంతకు ముందు అక్కడ బండ లేదని మేము ఒప్పుకున్నట్లవుతుంది."

ఆ వివేకం నుంచే తీర్మానం పుట్టింది. విచారణ ముగిసేదాకా కల్వర్టును యథాతథంగా కాపాడాలి. అయితే ఉప్పుమిట్ట రైతులకొక పాడు అలవాటుంది. వానలకు ముందు కాలువల మీద ఎక్కడ సందు కనిపించినా తామే తాటిదూలాలు పరిచేస్తారు. ఎవరినీ అడగరు, రసీదు పుచ్చుకోరు. ఆ ఏడు కూడా పరిచారు. సాక్ష్యాన్ని తారుమారు చేసినందుకు నిధివారు దూలాలను జప్తు చేసి, అబ్రహాము అనే మనిషిని అక్కడ కాపలా పెట్టారు.

"ఏం అబ్రహామూ, మనుషులు పడతావుంటే చూస్తా కూర్చుంటావా?" అని అడిగింది మస్తాన్‌బీ.

"నన్నేం జేయమంటావక్కా? పడేవాళ్లను ఆపమని చెప్పలే. పూడ్చేవాళ్లను ఆపమన్నారు."

"పొద్దుగూకినాక లాంతరన్నా పెట్టు."

"అడిగినా. లాంతరు పెడితే అక్కడ బొక్క ఉందని ఒప్పుకున్నట్టంట."

తరువాత ఒక గేదె పడింది. ఒక పెళ్లివారి బండి పడింది. పరిశీలనకు వచ్చిన సభ్యుడొకరు నడుందాకా దిగబడ్డారు. ఆయన లోతుగా పరిశీలించారని నివేదికలో రాసుకున్నారు.

ఇక విచారణలంటారా, పక్షపాతం లేకుండా ఒక్కోసారి ఒక్కో పట్టణంలో జరుగుతాయి. ప్రతి పట్టణమూ కథ మొదటి నుంచి వింటుంది. ఇన్ని ఊళ్లు ఒక మనిషి కథను ఇంత శ్రద్ధగా విన్న దాఖలా మరెక్కడా లేదు.

ఇప్పుడు ముసురు పట్టింది. కాలువ నిండుగా పారుతోంది. మొగుడు గడప దాటితే చాలు, మస్తాన్‌బీకి అన్నం సయించదు.

"ఈ వానలో పోబాకయ్యా."

"పోకుంటే దరఖాస్తు కొట్టేస్తారంట. కొట్టేస్తే నీ బండ రాదే."

"అయితే బస్సు దిగి ఆ గట్టునే నిలబడి కేకెయ్యి. నేనొస్తా."

"వచ్చి ఏం జేస్తావు, చంకనెత్తుకుంటావా?" అని నవ్వి, సంచి ఎడమచేత పట్టుకుని వెళ్లాడు.

ఆనాటి విచారణ క్రమపద్ధతిలోనే జరిగింది. నిజమే చెబుతానని కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేయమన్నారు. చెయ్యి లేవలేదు. ఎడమచేతి ప్రమాణం చెల్లదన్నారు. బాధితుడు ప్రమాణానికి నిరాకరించినందున వాయిదా వేసి, కాఫీలు తాగి లేచారు.

చీకటిపడే వేళకు హజరత్తయ్య ఉప్పుమిట్ట దగ్గర బస్సు దిగాడని కండక్టరు చెప్పాడు. నీళ్లు కల్వర్టు మీదుగా పారుతున్నాయి. ఇవతలి గట్టున వానలో నిలబడిన మస్తాన్‌బీకి కేక వినిపించిందో, వినిపించినట్టనిపించిందో ఆమె ఈనాటికీ తేల్చుకోలేదు. అబ్రహాము మాత్రం విధిని నిష్ఠగా నిర్వర్తించాడు. ఆ సాయంత్రం ఆ సందును ఎవరూ పూడ్చలేదు. కాలువ అక్కడికి దగ్గరలోనే సముద్రంలో కలుస్తుంది.

మరుసటి విచారణకు బాధితుడు హాజరు కానందున దరఖాస్తు కొట్టేశారు. దరఖాస్తు లేనందున కల్వర్టు సాక్ష్యం కాకుండా పోయింది. ఒక్క పూటలో కొత్త బండ వేశారు. చెంచురామయ్యగారు కొబ్బరికాయ కొట్టి, "ఇక్కడ ఇకపై ఎవరూ పడరు. ఇదివరకూ ఎవరూ పడినట్లు రుజువు కాలేదు" అన్నారు. మనమంతా చప్పట్లు కొట్టాం. ఇప్పుడు బస్సుకు దాని మీదుగానే పోతున్నాం. పనివాడెవరో గాని గట్టిగా వేశాడని మెచ్చుకుంటున్నాం కూడా.

దూదేకుల హజరత్తయ్య పంతొమ్మిది వందల అరవై రెండు నవంబరులో విచారణకు పోయి ఇంటికి తిరిగి రాలేదు.