కుర్చీ లేని వైపు

ఇలా దగ్గరికి రా తల్లీ, గుమ్మంలో నిలబడతావేం? ఆ కుర్చీ లాక్కుని కూర్చో. కూర్చోవడమంటే ఆషామాషీ అనుకోకు. దాని మీద ఒక మహానుభావుడు పెద్ద పరిశోధన చేశాడు. నేను కళ్ళారా చూశాను. అదీ పడుకుని చూశాను.

నా తుంటి విరిగి పెద్దాసుపత్రిలో ఉన్న రోజులవి. నా అదృష్టం కొద్దీ, నా కూతురి కూతురు ఆ వార్డులోనే నర్సు. మా వంశంలో తెల్ల డ్రెస్సు వేసుకున్న మొదటి మనిషి అదే. అది నడిచి వస్తుంటే నా తుంటి నొప్పి సగం తగ్గేది.

ఒకనాడు పొద్దున్నే మైకులో ప్రకటన వచ్చింది. "నర్సుల మానసిక ఆరోగ్య చరిత్రలో నేడు సువర్ణాధ్యాయం! ప్రపంచ ప్రఖ్యాత ప్రొఫెసర్ గారు మన వార్డును పరిశోధనకు ఎంపిక చేసుకున్నారు. నర్సులందరూ ఆనందంగా హాజరు కావలెను. ఆనందంగా లేనివారు కూడా హాజరు కావలెను."

ఆ ప్రొఫెసర్‌ని నర్సులు చాటుగా శ్రేయస్సు సారు అనేవారు. నోరు తెరిస్తే శ్రేయస్సు అనే మాటే వచ్చేది. ఎంత కష్టపడి పైకొచ్చాడనుకున్నావు! కుర్రతనంలో "నర్సులు అలసిపోతారా?" అని పరిశోధన చేసి, అలసిపోతారని కనిపెట్టాడట. దానికి డాక్టరేట్ వచ్చింది. తర్వాత "ఎందుకు అలసిపోతారు?" అని చూశాడు. పని ఎక్కువై అని తేలింది. దానికి ప్రమోషన్ వచ్చింది. ఆపైన "అలసిపోయిన సంగతి నర్సులకు తెలుసా?" అని వాళ్ళనే అడిగాడు. అందరికీ తెలుసట. దానికి విమానం ఎక్కించి, విదేశాలకు తీసుకెళ్ళి మెడల్ వేశారు. నర్సుల అలసట ఒక మనిషిని అంత ఎత్తుకు తీసుకెళ్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. అలసిపోయిన నర్సు కూర్చుంటే ఏమవుతుంది?

ఇది తేల్చడానికి వార్డును రెండుగా చీల్చాడు. ఎడమ వైపు నర్సులకు వెనక్కి వాలే మెత్తటి కుర్చీలు వేయించాడు. కుడి వైపు నర్సులకు ఏమీ వేయించలేదు. ఏమీ లేకపోవడం కూడా పరిశోధనే కాబట్టి, అక్కడున్న పాత స్టూళ్ళు సైతం తీయించేశాడు. నా మనవరాలు కుడి వైపు. నా మంచమూ అటే.

హెడ్ సిస్టర్ భయపడుతూనే అడిగింది. "సార్, ఇచ్చేదేదో రెండు వైపులా ఇవ్వచ్చు కదండీ?"

"అందరికీ ఇస్తే తేడా ఎలా తెలుస్తుందమ్మా?"

"మరి వీళ్ళ కాళ్ళు?"

"కాళ్ళు నా సబ్జెక్ట్ కాదు. నాది మనసు."

ఎంత నిజాయితీ చూడు! తనకు తెలియని విషయంలో తల దూర్చలేదు.

రోజులు గడిచేకొద్దీ నా మనవరాలి పాదాలు ఉబ్బిపోయి, సాయంత్రానికి చెప్పుల్లో పట్టేవి కావు. ఒకరోజు మాత్రలిస్తూ ఉసూరుమంటూ నా మంచం అంచున కూలబడింది. దాని ఒళ్ళు ఇంకా ఆనిందో లేదో, ఎక్కడినుంచి ఊడిపడ్డాడో శ్రేయస్సు సారు పరుగెత్తుకొచ్చాడు.

"లేవండి, లేవండి! మీరు కూర్చుంటే సైన్స్ నిలబడదు!"

"ఇది నా మంచం నాయనా" అన్నాను.

"మంచం మీదే మామ్మగారూ. కానీ ఈ అమ్మాయి మా కంట్రోల్ గ్రూప్."

"ఎవరి కంట్రోలు బాబూ?"

"నాదే."

పిల్ల లేచి నిలబడింది. ఆయన చాలా ఆప్యాయంగా దాని మొహంలోకి చూసి, "ఇప్పుడు మనసుకి ఎలా ఉందమ్మా? ఒకటి నుంచి పదిలో చెప్పు" అన్నాడు.

"సున్నా లేదా సార్?"

"లేదమ్మా. అంత దిగులు మా పద్ధతిలో లేదు."

ఎడమ వైపు ఒక బొద్దు సిస్టర్ ఉండేది, జాలిగుండె మనిషి. ఆయన లేనప్పుడు కుడి వైపు పిల్లల్ని కేకేసేది. "ఒసేయ్, రండే, ఒక్క నిమిషం కూర్చుని పొండి. కుర్చీ అరిగిపోదులే." ఆ సంగతి ఆయన చెవిన పడింది. మనిషి విలవిల్లాడిపోయాడు. ఒకరి మీద ఒకరికి జాలి పుడితే ఫలితం కలుషితమైపోతుందట. మర్నాటికల్లా వార్డు మధ్యలో అడ్డంగా తాడు కట్టించాడు. ఎడమ నర్సులు ఇటు రాకూడదు, కుడి నర్సులు అటు పోకూడదు.

కుడి వైపు నుంచి మొదట ఒక పిల్ల ఉద్యోగం మానేసింది. తర్వాత ఇంకొకతె. ఖాళీల్లో కొత్తవాళ్ళను వేస్తే లెక్క చెడుతుందని ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. చివరికి కుడి వైపు మంచాలన్నిటికీ నా మనవరాలు ఒక్కతే మిగిలింది.

ఒక ఉదయం వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, మానేస్తున్నానే."

"అదేం మాటే బంగారం! చిన్నప్పుడు బొమ్మలకి కట్లు కట్టినదానివి. ఈ పని నీకు ప్రాణం కదే."

"ఇప్పటికీ ప్రాణమే. కాళ్ళే ఒప్పుకోవట్లేదు. మందుల షాపులో చేరుతున్నా. అక్కడ స్టూలుందట."

కష్టపడి చదివి, నర్సయి, చివరికి స్టూలు కోసం పోతోంది పిల్ల. దాని తల నిమిరాను. అది పోతూ పోతూ ప్రొఫెసర్‌కి చెప్పింది. "సార్, నేనెందుకు మానేస్తున్నానో రాసుకుంటారా?"

"రాయకూడదమ్మా. ఉన్నవాళ్ళ శ్రేయస్సే మా పరిధి. వెళ్ళినవాళ్ళు లెక్కలోకి రారు. ఆల్ ది బెస్ట్!"

ఆ మర్నాడే ఫలితాల సభ. మంత్రిగారు స్వయంగా వార్డులోకే వేంచేశారు. ఎడమ వైపు మెత్తటి కుర్చీలన్నీ తెచ్చి వేదిక మీద వేశారు, పెద్దలు కూర్చోవాలి కదా. ఎడమ నర్సులు గోడ పక్కన వరసగా నిలబడ్డారు.

శ్రేయస్సు సారు మైకు అందుకున్నాడు. ముందు మైకుకే దణ్ణం పెట్టాడు పాపం, జీవితకాలపు కృషి మరి.

"కుర్చీలున్న ఎడమ వైపు నర్సుల్లో కొందరికి ఇంకా దిగులుంది, అలసట ఉంది, నిద్ర పట్టడం లేదు. ఇక కుర్చీలు లేని కుడి వైపు! ఒక్క నర్సుకి దిగులు లేదు. ఒక్క నర్సుకి అలసట లేదు. ఒక్కరి నుంచీ ఫిర్యాదు లేదు!"

వార్డు చప్పట్లతో దద్దరిల్లింది. మంత్రిగారు ఆశ్చర్యపోయారు. "అయితే దిగులుకి కారణం కుర్చీలేనన్నమాట!"

"సైన్స్ అలాగే అంటోంది సార్."

"అన్ని ఆసుపత్రుల్లోనూ తీసేయండి" అని మంత్రిగారు వెనక్కి వాలి ఆదేశించారు.

అప్పటికే నా సెలైన్ సీసా అయిపోయి, గొట్టంలోకి ఎర్రగా నెత్తురు ఎక్కుతోంది. బెల్లు నొక్కాను. ఎవరూ రాలేదు. పక్క మంచం ఆవిడ కూడా నొక్కింది. కుడి వైపంతా బెల్లులు మోగడం మొదలుపెట్టాయి.

"ఏమిటా మోత?" అన్నారు మంత్రిగారు.

"రోగులు సార్. హర్షం వ్యక్తం చేస్తున్నారు."

మంత్రిగారు మాకు చెయ్యి ఊపారు. బొద్దు సిస్టర్ తాడు దాకా వచ్చి, సారు వైపు చూసి ఆగిపోయింది.

అప్పుడే నన్ను చూడటానికి మనవరాలు వచ్చింది, మామూలు బట్టల్లో. వస్తూనే గొట్టం చూసి, చేతిసంచి కింద పడేసి, చకచకా సీసా మార్చింది. ప్రొఫెసర్ వేదిక దిగి వచ్చాడు. నిన్నటిదాకా రోజూ మనసు ఎలా ఉందని అడిగిన మనిషే, దాని మొహం గుర్తుపట్టలేదు.

"ఎవరమ్మా మీరు?"

"పేషెంట్ తాలూకండి. చూడటానికొచ్చాను."

"అయ్యో, విజిటరా? మరి నిలబడ్డారేం? కూర్చోండమ్మా, కూర్చోండి" అని నా మంచం అంచు చూపించాడు.

పిల్ల కూర్చుంది.

ఇదీ తల్లీ సంగతి. ఒక్క ముక్క కూడా మరిచిపోకు. నీ పిల్లలకి చెప్పు, వాళ్ళ పిల్లలకి చెప్పమను. మా కుడి వైపున ఒక్క నర్సుకీ దిగులు లేదని మాత్రం తప్పకుండా చెప్పు. ఇదిగో, లేచేటప్పుడు ఆ కుర్చీ దూరంగా జరపకేం. షాపు కట్టేసి నా మనవరాలు వచ్చే వేళయింది.