మూడుసార్లు లొంగిపోయిన బావ

ఉగ్రవాదం సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకి దేశంలో సమూలంగా అంతరించిపోయిందని రక్షణ మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన మైదానం చివరిదాకా వినపడిందంటే అందులో నా పాత్ర కూడా కొంత ఉంది. మైకు సెట్టు నాది. మంత్రిగారు "ఇక ఉగ్రవాదులు సున్నా" అన్నప్పుడు ఎకో కాస్త పెంచాను. సున్నా, సున్నా, సున్నా అంటూ అది గోడదాకా వెళ్ళి తిరిగొచ్చింది. మంత్రిగారు వేదిక దిగుతూ నా భుజం తట్టారు. గొప్పవాళ్ళకి చిన్నవాళ్ళ కష్టం ఇట్టే తెలిసిపోతుంది.

ఆ సభలో మా బావ కూడా ఉన్నాడు, వైర్లు చుడుతూ. బావంటే మా అక్క మొగుడు. సరిహద్దు ఊళ్ళో అతనికి సెలూన్ ఉండేది. రెండు కుర్చీలు, గోడంత అద్దం. గడ్డం కమాండర్ అనే ఉగ్రవాది మనుషులు అడవిలోంచి వచ్చి సగం బజారు తగలబెట్టినప్పుడు అదీ పోయింది. అప్పట్నించీ అక్కా బావా మా ఇంట్లోనే ఉంటున్నారు. ఊరి మొదట్లో సైన్యం గేటు పెట్టింది. ఊరు "స్థిరీకరణ" అయిందని మంత్రిగారు ప్రకటిస్తే తప్ప అది తెరుచుకోదు.

"రేకులు వేసుకునైనా షాపు తెరుస్తాను. ఒక్కసారి లోపలికి పోనిస్తే చాలు" అనేవాడు బావ, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా. షాపు పోయిన రోజు నుంచి అతను గడ్డం గీసుకోలేదు. ఊరికి వెళ్ళి, తన షాపులో, తన అద్దం ముందే గీసుకుంటాడట. మా అక్క తిట్టి తిట్టి ఊరుకుంది.

సున్నా ప్రకటించాక ఓ చిన్న చిక్కు వచ్చిపడింది. ఉగ్రవాదాన్ని అణచడానికి మన దేశం, తూర్పు పొరుగు, పడమటి పొరుగు కలిసి సైనిక సహకార ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ముగింపు సభలో దేశానికి ఏడుగురు చొప్పున ఉగ్రవాదులు లొంగిపోవాలి. ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా అయితే ఇరుగుపొరుగు సంబంధాలు చెడతాయి. మనమేమో తొందరపడి సున్నా అనేశాం.

"అన్న మాట వెనక్కి తీసుకోలేం" అన్నాడు సభ ఏర్పాట్లు చూస్తున్న కర్నల్, నేను స్పీకర్లు ఎక్కడ పెట్టాలో అడగడానికి వెళ్తే. "తూర్పువాళ్ళ దగ్గర ఉగ్రవాదులు మిగులున్నారు. నలుగుర్ని చేబదులు ఇస్తామన్నారు. సహకారమంటే ఇది."

"మరి మిగతా ముగ్గురు?"

కర్నల్ నా వంక చూడటం లేదు. స్తంభానికి వైరు కడుతున్న బావ గడ్డం వంక చూస్తున్నాడు.

"ఎవరతను?"

"మా బావండీ."

కర్నల్ స్తంభం దగ్గరికి వెళ్ళాడు. "ఏమయ్యా, లొంగిపోవడానికి నీకేమన్నా ఇబ్బందా?"

"నేను ఉగ్రవాదిని కానండీ. సెలూన్‌వాణ్ణి."

"అందుకే అడుగుతున్నా. ఉగ్రవాదినైతే ఇలా మర్యాదగా అడగ్గలమా?"

"ఏం చెయ్యాలండీ?"

"నడుచుకుంటూ రావాలి. ఆయుధం కింద పెట్టాలి. తల వంచాలి. మంత్రిగారు చెయ్యి కలుపుతారు."

"అలా చేస్తే మా ఊరి గేటు తీస్తారా?"

"మర్నాడే."

బావ వైరు ముడి బిగించి సరేనన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "చెయ్యని నేరానికి లొంగిపోవడమేంట్రా? నీకేమన్నా మతి పోయిందా?"

"నేరం కాదక్కా, దేశసేవ."

"అయితే నువ్వే లొంగిపో."

"నాకు గడ్డం లేదు కదా."

"రేపు ఊళ్ళో అందరూ ఆయన్ని ఉగ్రవాది అనే పిలిస్తే?"

"పిలవనీవే" అన్నాడు బావ మెల్లిగా. "అలా పిలిపించుకోడానికైనా మనం ఊళ్ళో ఉంటాం కదా."

అక్క సభరోజు పొద్దున్నే అతని చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. కర్నల్ మనిషి దాన్ని మళ్ళీ నలిపి, భుజాల దగ్గర కాస్త మట్టి రాశాడు.

తూర్పు నుంచి వచ్చిన నలుగురూ ఎవరి తుపాకులు వాళ్ళే తెచ్చుకున్నారు. వాళ్ళు నాలుగు చోట్ల లొంగిపోయిన అనుభవజ్ఞులు. బావకీ, కర్నల్ గడ్డాలు చూసి ఎంచిన మరో ఇద్దరికీ మాత్రం ఆయుధాల కరువు. సైన్యం తుపాకులు బయటివాళ్ళ చేతికివ్వడం నిబంధనలకి విరుద్ధం. ఒకతనికి గొడ్డలి దొరికింది, ఒకతనికి కొడవలి దొరికింది. బావ జేబులోంచి గుడ్డలో చుట్టిన గడ్డం గీసే కత్తి తీశాడు. వాళ్ళ నాన్న వాడిన కత్తి అది. తగలబడ్డ షాపులోంచి అతను తెచ్చుకోగలిగింది అదొక్కటే.

కర్నల్ దాని అంచు వేలితో చూసి వేలు కోసుకున్నాడు. "ప్రమాదకరమైన ఆయుధమే" అన్నాడు తృప్తిగా.

"సభయ్యాక ఇచ్చేస్తారు కదండీ?"

"ఇవ్వక మేమేం చేసుకుంటామయ్యా?"

సభ సరిగ్గా పదిగంటలకి మొదలవ్వాలని ఒప్పందంలో ఉంది. అయితే మూడు దేశాల గడియారాలకీ అరగంట అరగంట తేడా. ఎవరి పదికి మొదలుపెట్టినా మిగతా ఇద్దరి సార్వభౌమత్వానికి భంగం. మంత్రిగారి మేధస్సు అలాంటప్పుడే కదా బయటపడేది. ముగ్గురి పదికీ మూడుసార్లు మొదలుపెట్టమన్నారు.

తూర్పువాళ్ళ పదికి బావ నడిచొచ్చి, కత్తి కింద పెట్టి, తల వంచాడు. చప్పట్లు. కత్తి తీసుకుని డేరా వెనక్కి వెళ్ళిపోయాడు. మన పదికి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ చప్పట్లు.

పడమటివాళ్ళ పది కోసం డేరా వెనక అందరం ఎదురుచూస్తుంటే ఒక నిండు గడ్డం మనిషి లోపలికొచ్చాడు. కుడి చెవి సగమే ఉంది. మా బావ లేచి నిలబడిపోయాడు. నాకప్పుడు అర్థమైంది, వచ్చింది గడ్డం కమాండర్ అని.

"లొంగిపోదామని వచ్చాను" అన్నాడు కమాండర్.

కర్నల్ నొచ్చుకున్నాడు. "ఆలస్యం చేశారండీ. ఏడుగురూ నిండిపోయారు."

"నేను అసలైనవాణ్ణి."

"కావచ్చు. కానీ దేశంలో ఉగ్రవాదులు సున్నా అని మంత్రిగారు ప్రకటించేశారు. మీరు ఉగ్రవాదినంటే ఆయన అబద్ధమాడినట్టవుతుంది."

కమాండర్ ఇబ్బందిపడ్డాడు. "మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఊరి మీద మీకు పట్టుందా?"

"నేను దగ్గితే ఊళ్ళో తలుపులు మూసుకుంటారు."

కర్నల్ వెళ్ళి మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. తిరిగొచ్చేసరికి కమాండర్ ఆ ఊరి స్థిరీకరణ మండలికి చైర్మన్ అయిపోయాడు. స్టేజీ మీదికి గడ్డంతో వస్తే బాగుండదని మాత్రం మంత్రిగారు అన్నారట. కర్నల్ చుట్టూ చూశాడు. కత్తి ఉన్నది ఒక్క మా బావ చేతిలోనే.

బావ అతన్ని డ్రమ్ము మీద కూర్చోబెట్టి, నీళ్ళూ సబ్బూ రాసి, తల వెనక్కి వాల్చాడు. కత్తి గొంతు దగ్గరికి వచ్చి ఆగింది.

"త్వరగా కానీ. పడమటివాళ్ళ పది అవుతోంది" అన్నాడు కర్నల్.

బావ గీశాడు. ఒక్క గాటు పడలేదు. కత్తి తుడుచుకుని, వెళ్ళి మూడోసారి లొంగిపోయాడు. ఈసారి అతని కళ్ళలో నిజమైన పశ్చాత్తాపం కనిపించిందని పత్రికలు రాశాయి. కత్తిని మాత్రం తిరిగివ్వలేదు. అద్దాల పెట్టెలో పెట్టి మూడు తాళాలేశారు. తాళంచెవులు దేశానికొకటి.

అన్నమాట ప్రకారం మర్నాడే గేటు తీశారు. మూటలు దించుకుంటుంటే గేటు ఆఫీసరు బావని పక్కకి పిలిచాడు.

"నువ్వు లోపలికి పోకూడదు. ఇది ఉగ్రవాదులు లేని ఊరు."

"అది ఉత్తుత్తి లొంగుబాటండీ" అన్నాను నేను.

"ఒకసారైతే సరేననేవాణ్ణి. ఇతను మూడుసార్లు లొంగిపోయాడు. అంటే మధ్యలో రెండుసార్లు మళ్ళీ తిరగబడ్డాడనేగా?"

ఆ తర్కానికి నేను ముగ్ధుణ్ణయ్యాను. చదువుకున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళే.

"కర్నల్ గారిని పిలిపించండి" అంది అక్క.

"ఆయన పడమటి దేశంలో సహకరిస్తున్నారమ్మా. చైర్మన్ గారు పూచీ ఉంటానంటే వదులుతాం."

చైర్మన్ గారు వచ్చారు. నున్నటి చెంపలు నిమురుకుంటూ బావని కింది నుంచి పైదాకా చూశారు. "ఇతను నాకు తెలుసు. మంచి చెయ్యి. పూచీ నాది. కానీ జనం బెదిరిపోయి ఉన్నారు, వాళ్ళ భయం మనం అర్థం చేసుకోవాలి. పదునైన వస్తువేదీ ఇతను ముట్టుకోకూడదు. కత్తెర కూడా."

బావ గేటు సందులోంచి బజారు వంక చూశాడు. సరేనన్నట్టు తలూపాడు.

మూడు దేశాలూ కలిసి అతనికి ఆదర్శ పునరావాస సెలూన్ కట్టించాయి. దేశానికో కుర్చీ. గోడంత అద్దం. ప్రారంభానికి మంత్రిగారే వచ్చారు, మైకు నాదే. అద్దం ముందు గడ్డంతో నిలబడ్డ బావని చూసి మంత్రిగారు ముచ్చటపడ్డారు. "ఇంకా గడ్డం తియ్యలేదేమయ్యా? హింస వదిలేశావా లేదా? నీ నోటితో నువ్వే చెప్పు."

బావ అద్దంలో తన మొహం చూసుకున్నాడు. "ఇంక జన్మలో కత్తి ముట్టనండీ" అన్నాడు.

చప్పట్లు ఆగలేదు. చైర్మన్ గారు ఆ ఉత్సాహంలో మొదటి కుర్చీలో కూర్చుని, మాసిన గడ్డం నిమురుకుని, తల వెనక్కి వాల్చారు. "బోణీ నాదే. కానివ్వు."

బావ ఆయన మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టాడు. మొహం నిండా నురగ రాశాడు. తర్వాత రెండు ఖాళీ చేతులూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. అందరూ ఎదురుచూశారు. ఏమన్నా అంటాడేమోనని నేను మైకు అతని మూతి దగ్గర పెట్టాను.

అక్క వచ్చి వైరు పీకేసింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. అమరవీరులకి మౌనం పాటించే సమయమైందనుకుని మంత్రిగారు గబుక్కున లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి మూడు దేశాల అధికారులూ లేచి తలలు వంచారు. చైర్మన్ గారు కూడా నురగ మొహంతో, మెడలో తెల్లగుడ్డతో లేచి నిలబడ్డారు. అక్క మాత్రం వైరు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది.