మూడో నమూనా

"అక్కా, ఈ ఊళ్లో నేరస్థులు ఇంకా హాయిగా తిరుగుతున్నారంటే ఒక్కటే కారణం. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ ఉండటం!"

వంటగది గుమ్మంలో నిలబడి ప్రకటించాడు తమ్ముడు. 'డేగకన్ను' అని తన పేరు తనే పెట్టుకున్న మహానుభావుడు. పోయినవారం పాలప్యాకెట్ మాయమైన కేసులో వాచ్‌మన్‌ని గంటన్నర ప్రశ్నించాడు. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

అక్కకి అతని మేధస్సు వినే తీరిక లేదు. కూతురు కాలేజీ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. రచనా కోర్సు దరఖాస్తుతోపాటు సొంత రచనల నమూనాలు మూడు, స్వదస్తూరీతో ఇవ్వాలి. వ్యాసం ఉంది, ఉత్తరం ఉంది, కథ ఇంట్లోనే మర్చిపోయింది. నాలుగింటికి కౌంటర్ మూస్తారు. ఆ తర్వాత ఏడాది ఆగాల్సిందే.

"బల్లమీద ఒక కాగితం ఉండాలి, చూశావట్రా?"

"కాగితమా? నేరాంగీకారపత్రం అను!" డేగకన్ను ప్లాస్టిక్ కవరు పైకెత్తాడు. "మొదటి వాక్యం విను. 'మామయ్యని చంపింది నేనే.' సాక్షాత్తూ నీ కూతురి దస్తూరీ!"

"అదేరా బాబూ! ఇటివ్వు. అది కథ."

"దొరికిపోయినవాళ్లందరూ చెప్పేది కథే."

"దానికి ఉన్న ఒక్కగానొక్క మామయ్యవి నువ్వే. బతికే ఉన్నావు కదరా!"

"ఈ కేసులో నన్ను వేధిస్తున్న చిక్కుముడి కూడా అదే," అన్నాడు గడ్డం నిమురుకుంటూ.

అక్క లాక్కోబోయింది. అతను కవరుని చొక్కాలో దోపుకుని, గుండీలు పెట్టేసుకుని, పోలీస్‌స్టేషన్‌కంటూ స్కూటర్ ఎక్కాడు. ఆమె ఏ కాలికి ఏ చెప్పు దొరికితే అది వేసుకుని వెనకాల కూర్చుంది. దారి పొడుగునా బతిమాలింది, తిట్టింది, వీపు గిల్లింది. సాక్ష్యం మాత్రం బయటికి రాలేదు.

మూడూ యాభై. చౌరస్తాలో ఒక బట్టతలాయన టీ ముగించి, ఫైళ్లు చంకలో పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు.

"చూశావా? రెండుసార్లు వెనక్కి చూశాడు. ముఠా మనిషే!"

"బళ్లొస్తుంటే చూసుకోడా?"

స్కూటర్ అప్పటికే మళ్లింది. ఆయన వెనకే ఒక గేటు, ఒక వరండా, రెండంతస్తుల మెట్లు. ఆయన తాపీగా ఒక కౌంటర్ వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. రొప్పుతూ వచ్చిన అక్కకి కౌంటర్ ముందు కనిపించింది, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడ్డ తన కూతురు.

"ఆట కట్టు!" డేగకన్ను చొక్కాలోంచి కవరు లాగి, అందులోని కాగితం తీసి కౌంటర్‌మీద చరిచాడు. "దీని గురించి నీకేం తెలుసో కక్కు!"

గుమాస్తా గడియారం చూశాడు. కాగితం మూలన ఉన్న దరఖాస్తు నంబరు చూశాడు. ఠప్పున ముద్ర వేశాడు.

"మూడో నమూనా. అందింది. ఇంకా రెండు నిమిషాలున్నాయండీ, దానికంత అరుపెందుకు?"

డేగకన్ను కాలరు సర్దుకున్నాడు. "అంతా నేను వేసిన పథకం ప్రకారమే జరిగింది."

గుమాస్తా మొదటి వాక్యం చదివి కలం ఆపాడు. "ఏమ్మా, ఇది కల్పనా, స్వానుభవమా? ఏ గడిలో టిక్కు పెట్టమంటావు?"

కూతురు కళ్లు తుడుచుకుని మామయ్యని ఎగాదిగా చూసింది.

"ప్రస్తుతానికి కల్పనేనండీ."